వర్చువల్ నోడ్లు పెంచినా లోడ్ సర్దుకోలేదు: పీర్ టు పీర్ నెట్‌వర్క్‌లో అసలు కారణం ఎక్కడ వెతకాలి

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ విద్యాసంస్థకు 14 కాలేజీలు, వాటి పీసీలన్నీ కలిపి 120 నోడ్లు. రికార్డు చేసిన వీడియో పాఠాలు, నోట్స్ పీడీఎఫ్‌లు వాటిలోనే దాచి, ఒకరి దగ్గర్నుంచి ఒకరు తీసుకునేలా కట్టుకున్నారు. ఫైలు పేరును (దీన్నే కీ అంటాం) హ్యాష్ చేసి, అంటే ఒక సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యలను వలయంగా పేర్చిన రింగ్ మీద ఆ స్థానం తర్వాత వచ్చే మూడు నోడ్లలో మూడు కాపీలు పెడుతున్నారు. పొద్దున 9 దాటగానే 9 నోడ్లలో సీపీయూ, పంపే బైట్లు రెండూ నిండిపోతున్నాయి, మిగతా 111 దాదాపు ఖాళీ. వర్చువల్ నోడ్లు, అంటే రింగ్ మీద ఒక్కో మెషీన్‌కు ఇచ్చే స్థానాలు, 1 నుంచి 64కి పెంచారు. అయినా 9 నోడ్లు అలాగే నిండుతున్నాయి. కాకపోతే పాత 9లో 3 మాత్రం అవే, 6 మారాయి. ఇప్పుడు హ్యాష్ ఫంక్షన్ మార్చాలా అని అడుగుతున్నారు.

వద్దండి. హ్యాష్ ఫంక్షన్ జోలికి పోకండి. మీకు కావలసిన జవాబులో సగం మీ ప్రశ్నలోనే ఉంది. 64కి పెంచడం మీకు పరిష్కారం కాలేదు గానీ, చాలా మంచి పరీక్ష అయింది.

రింగ్ మీద స్థానాలు అచ్చంగా రాండమ్‌గా పడినా నోడ్ల వాటాలు సమానంగా రావు. దీన్ని చాలామంది నమ్మరు. ఒక్కో నోడ్‌కు ఒకే స్థానం ఇచ్చి 120 నోడ్లు పెడితే, అన్నిటికన్నా పెద్ద వాటా సగటుకు దాదాపు 5.4 రెట్లు ఉంటుందని లెక్క చెబుతుంది. అన్నిటికన్నా చిన్న వాటా సగటులో 120వ వంతు. ఇందులో ఎవరి తప్పూ లేదు, హ్యాష్ బాగా పనిచేస్తేనే ఇలా వస్తుంది. 1997లో ఈ రింగ్ పద్ధతిని కన్సిస్టెంట్ హ్యాషింగ్ పేరుతో ప్రతిపాదించినప్పుడే ఒక్కో మెషీన్‌కు అనేక స్థానాలు ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది, 2001లో ఎంఐటీ వాళ్లు కార్డ్ (Chord) అనే పీర్ టు పీర్ పద్ధతి మీద రాసిన పేపర్ కూడా అదే చెప్పింది. వర్చువల్ నోడ్ల సంఖ్య పెరిగేకొద్దీ వాటాల్లో తేడా ఆ సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. ఒక స్థానం ఉన్నప్పుడు తేడా సగటుతో సమానంగా ఉంటే, 64 పెట్టాక అది సగటులో ఎనిమిదో వంతుకు, అంటే 12 శాతం చిల్లరకు దిగాలి.

అంటే వాటాల పంపకమే మీ సమస్య అయితే, 64 పెట్టిన రోజే 9 నోడ్ల కథ ముగిసిపోవాలి. ముగియలేదు. కాబట్టి రింగ్‌ను ఇక అనుమానించక్కర్లేదు. ఎవరి దగ్గర ఎంత ఉందన్నది కాదు, ఎవరిని ఎంతమంది అడుగుతున్నారన్నది ఇప్పుడు చూడాలి. రేషన్ షాపు గోదాములో ఎన్ని బస్తాలున్నాయో లెక్కపెడితే బయట క్యూ ఎంతుందో తెలియదు కదా. ఇదీ అంతే.

ఇక ఆ 6, 3 అంకెల సంగతి. వర్చువల్ నోడ్లు ఇలా మార్చినప్పుడు దాదాపు ప్రతి ఫైలూ కొత్త మెషీన్లకు వెళ్తుంది. రద్దీ (దాన్నే వేడి అందాం) ఫైలుతో పాటు కదిలితే కారణం ఆ ఫైలులో ఉంది. మెషీన్‌ను పట్టుకుని అక్కడే ఉండిపోతే కారణం ఆ మెషీన్‌లోనో, దాని దగ్గరకు వచ్చే దారిలోనో ఉంది. మీ దగ్గర 6 కదిలాయి, 3 కదల్లేదు. అంటే ఒకే గ్రాఫ్‌లో రెండు వేరువేరు జబ్బులు కలిసి కనిపిస్తున్నాయి. ఇంకో మాట: మీరు మూడు కాపీలు పెడుతున్నారు, కదిలినవి ఆరు. రెండు ఫైళ్లో, రెండు కీలో విపరీతంగా నలుగుతున్నాయని నా మొదటి అనుమానం. ఇది ఊహే, లెక్క తీసి నిర్ధారించుకోవాలి. చదివే అభ్యర్థనలన్నీ మొదటి కాపీకే వెళ్తుంటే రెండు కాదు, ఆరు కీలు అయి ఉంటాయి.

లెక్క తీసేముందు, లోడ్ అంటే మీరు దేన్ని అంటున్నారో విడదీయాలి. ప్రతి నోడ్‌లో ఐదు అంకెలు, ఒకే నిమిషానికి సంబంధించినవి, విడివిడిగా రాయించండి: దాని దగ్గరున్న కీలు ఎన్ని, పైకి పంపిన బైట్లు ఎన్ని, తను స్వయంగా జవాబిచ్చిన అభ్యర్థనలు ఎన్ని, తన దగ్గర లేక వేరేవాళ్ల దగ్గరకు పంపించినవి ఎన్ని, క్యూలో ఎదురుచూస్తున్నవి ఎన్ని. 120 మెషీన్ల గడియారాలు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద సమయం సరిచేసే పద్ధతి) కలిసి ఉండాలి. లేకపోతే ఒక నోడ్ 9:05 పక్కన ఇంకో నోడ్ 9:12 పెట్టి పోల్చుకుంటాం. సగటు చూడొద్దు. గరిష్ఠాన్ని మీడియన్‌తో (వరసలో మధ్యన పడే విలువ) భాగించి ఆ నిష్పత్తి చూడండి. 111 ఖాళీ నోడ్లు కలిసిన సగటులో 9 నోడ్ల బాధ కనపడకుండా పోతుంది.

ఈ ఐదింటిని విడదీయమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఇలాంటి నెట్‌వర్క్‌లోనే మూడు నోడ్లు రోజూ పడిపోయేవి. మా డాష్‌బోర్డ్‌లో డిస్క్, బ్యాండ్‌విడ్త్ మాత్రమే ఉండేవి. రెండూ అన్ని నోడ్లలో చదునుగా, చక్కగా ఉన్నాయి. అందుకే మెషీన్లే పాడయ్యాయని నమ్మి హార్డ్‌వేర్ మార్పించాం, తర్వాత వర్చువల్ నోడ్లు పెంచాం. దాదాపు నెల రోజులు టీమంతా టెన్షన్‌తో రాత్రుళ్లు కూర్చున్నాం. చివరికి ఒక జూనియర్ ఇంజినీర్ అభ్యర్థనల సంఖ్యను విడిగా లెక్కపెట్టాడు. తాజా వెర్షన్ ఏది అని చెప్పే ఒక చిన్న కీ ఉండేది, మహా అయితే రెండు కేబీ. నెట్‌వర్క్‌లోని ప్రతి క్లయింట్ దాన్ని కొన్ని సెకన్లకోసారి అడుగుతోంది. రెండు కేబీ కాబట్టి బైట్ల గ్రాఫ్‌లో అది కనపడనే లేదు. కనెక్షన్ తెరవడం, సంతకం సరిచూడడం, మూయడం, వీటితోనే సీపీయూ అయిపోయేది. మీ 6 నోడ్లలో కూడా సీపీయూ నిండి బైట్లు తక్కువగా ఉంటే ఇలాంటి చిన్న కీని వెతకండి. బైట్లు నిండి సీపీయూ తక్కువగా ఉంటే అది పెద్ద వీడియో ఫైలు. రెండూ నిండాయన్నారు కాబట్టి రెండు రకాలూ ఉండొచ్చు.

రింగ్ నిర్దోషి అని నా మాట మీద నమ్మక్కర్లేదు, ఒక సాయంత్రంలో మీరే తేల్చుకోవచ్చు. అందరూ వెళ్లాక లక్ష రాండమ్ కీలు తయారుచేసి, ఒక్కోదానికి చిన్న విలువ పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కసారే చదవండి. సగటున ఒక్కో నోడ్‌కు 833 రావాలి. 64 వర్చువల్ నోడ్లతో ఎక్కువ నోడ్లు 600కూ 1,050కీ మధ్య ఉంటే పంపకం బాగానే ఉంది. అలా కాకుండా కొన్ని నోడ్లకు మూడు నాలుగు వేలు వస్తే నా అనుమానం తప్పు, అప్పుడు స్థానాలు తయారయ్యే కోడ్ చూడాలి. ఒకే డిస్క్ ఇమేజ్ నుంచి అన్ని పీసీలూ ఇన్‌స్టాల్ చేసినప్పుడు రాండమ్ సీడ్ కూడా కాపీ అయిపోయి చాలా మెషీన్లకు ఒకే ఐడీ రావడం నేను చూశాను. కాలేజీ ల్యాబ్‌లలో ఇమేజ్ కాపీ చేసే అలవాటు ఎక్కువ కాబట్టి ఐడీల జాబితాలో డూప్లికేట్లు ఉన్నాయేమో ముందే ఒకసారి చూసుకోండి. అలాగే 64 స్థానాలు పెట్టాక మూడు కాపీలూ మూడు వేరువేరు మెషీన్లలో పడుతున్నాయా అన్నది కూడా చూడండి. రింగ్ మీద పక్కపక్కనే ఉన్న రెండు స్థానాలు ఒకే పీసీవి కావచ్చు. కోడ్ దాన్ని దాటి ముందుకు వెళ్లకపోతే మూడు కాపీలనుకున్నవి నిజానికి రెండే.

వేడి కీలు పట్టుకోవడానికి ప్రతి నోడ్‌లో అన్ని కీల పట్టిక అక్కర్లేదు. వంద గళ్లు చాలు. ఉన్న కీ వస్తే దాని లెక్క ఒకటి పెంచండి. కొత్త కీ వచ్చి గడి ఖాళీ లేకపోతే, అతి తక్కువ లెక్క ఉన్న కీని తీసేసి, ఆ లెక్కకు ఒకటి కలిపి కొత్తదానికి ఇవ్వండి. దీన్ని స్పేస్ సేవింగ్ అంటారు. వంద గళ్లతో, ఒక శాతం కన్నా ఎక్కువ అభ్యర్థనలున్న ఏ కీ కూడా జారిపోదు. 9 నుంచి 10 దాకా నడిపి 120 పట్టికలనూ కలపండి.

ఏం కనపడుతుందో ముందే ఒక అంచనా చెప్తాను. జనం అడిగేవి ఎప్పుడూ సమానంగా ఉండవు. ఆదరణ జిఫ్ సూత్రం ప్రకారం (రెండోదానికి మొదటిదానిలో సగం, మూడోదానికి మూడో వంతు) తగ్గుతూ పోతుందనుకుంటే, 10,000 ఫైళ్లలో మొదటి ఒక్కదానికే మొత్తం అభ్యర్థనల్లో 10 శాతం వస్తాయి, మొదటి పదికి 30 శాతం దాకా పోతాయి. మీ దగ్గర టైమ్‌టేబుల్ ఉంది కాబట్టి ఇంకా ఏటవాలుగా ఉంటుంది. 14 కాలేజీల్లో 9 గంటలకు ఒకే సబ్జెక్టు అయితే అందరికీ ఒకే వీడియో కావాలి. వర్చువల్ నోడ్లు 64 కాదు, 6,400 పెట్టినా ఒక్క కీని రెండుగా కోయలేవు. ఆ కీ ఎక్కడ పడితే అక్కడ క్యూ కడుతుంది.

అదే పట్టికలో ఇంకో కాలమ్ పెట్టించండి: జవాబిచ్చింది మొదటి కాపీయా, రెండోదా, మూడోదా అని. సొంతంగా రాసుకున్న చాలా రింగ్‌లలో రాయడం మూడు చోట్లకు, చదవడం మాత్రం ఎప్పుడూ మొదటి చోటికే వెళ్తుంది. రెండు, మూడు కాపీలు మొదటిది చనిపోయినప్పుడే లేస్తాయి. ఇది ఒక లైను కోడ్ మార్పు, దీనితోనే లోడ్ మూడో వంతుకు దిగిన సందర్భాలున్నాయి. అయితే మార్చేటప్పుడు అన్ని క్లయింట్లూ అతి తక్కువ లోడ్ ఉన్న కాపీని ఎంచుకునేలా రాయకండి. ఆ లోడ్ సమాచారం పది సెకన్ల పాతది అనుకోండి, ఆ పది సెకన్లూ అందరూ ఒకే నోడ్ మీద పడతారు, తర్వాత అందరూ కలిసి ఇంకోదాని మీద. మూడింటిలో రాండమ్‌గా రెండింటిని ఎంచుకుని, వాటిలో క్యూ చిన్నగా ఉన్నదాన్ని అడగండి. రెండు ఎంపికలు ఇచ్చినంత మాత్రాన రద్దీ ఎంతగా తగ్గుతుందో 1990లలోనే గణితంగా నిరూపించారు, మందలా ఒకేవైపు పరుగెత్తడం కూడా ఆగుతుంది.

పెద్ద వీడియోల విషయంలో మాత్రం అసలు మందు ముక్కలు చేయడమే. లెక్క చూడండి. 300 ఎంబీ పాఠాన్ని 100 మెషీన్లు తీసుకుంటే 30 జీబీ. అది మూడు నోడ్ల మీదే పడితే ఒక్కోటి 10 జీబీ పంపాలి. 100 ఎంబీపీఎస్ లైను పూర్తిగా దొరికినా 800 సెకన్లు, అంటే 13 నిమిషాలు. క్లాసులో మూడో వంతు అయిపోతుంది. అదే పాఠాన్ని ఒక్కో ఎంబీ చొప్పున 300 ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ దాని సొంత హ్యాష్ కీ ఇస్తే, మూడు కాపీలతో 900 ముక్కలు 120 నోడ్లకు పరుచుకుంటాయి. ఒక్కో నోడ్‌కు సగటున ఏడెనిమిది. కాగితం మీద చూస్తే ఒక్కో నోడ్ పంపాల్సింది 250 ఎంబీ, 20 సెకన్ల పని. కొన్ని నోడ్లకు రెట్టింపు పడ్డా 40 సెకన్లు. బిట్‌టోరెంట్ 2001 నుంచి చేస్తున్నది ఇదే. అందులో ఇంకో మెట్టు కూడా ఉంది: ముక్క అందుకున్న ప్రతివాడూ ఆ క్షణం నుంచే దాన్ని ఇతరులకు ఇస్తాడు, అందరి దగ్గరా అరుదుగా ఉన్న ముక్కను ముందు తెచ్చుకుంటాడు. అడిగేవాళ్లు పెరిగేకొద్దీ ఇచ్చేవాళ్లూ పెరుగుతారు. మీ వ్యవస్థలో ఆ లక్షణం లేదు. చదివిన పీసీ దగ్గర ఫైలు ఉన్నా రింగ్‌కు ఆ సంగతి తెలియదు. ముక్కలు చేశాక వెంటనే చేయాల్సింది అదే, ముఖ్యంగా ఒకే ల్యాబ్‌లోని పీసీల మధ్య. హ్యాష్‌కు ఊరు, దూరం తెలియవు. పక్క టేబుల్ మీదున్న ముక్కను వదిలి 200 కిలోమీటర్ల అవతలి కాలేజీ నుంచి తెప్పిస్తుంది. మీ అసలు ఇరుకు కాలేజీకి కాలేజీకి మధ్య లైన్లలో ఉంటే, నోడ్ల గ్రాఫ్‌లో అది అసలు కనపడదు, కాబట్టి బైట్లను కాలేజీ లోపల, బయట అని రెండుగా లెక్కపెట్టండి.

చిన్న కీలకు ముక్కలు పనికిరావు, కాపీ దాచుకోవడం పనికొస్తుంది. పాఠాల సూచిక లాంటి కీని క్లయింట్ దగ్గరే 60 సెకన్లు ఉంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. నోడ్లను వెతికే ఇంకో పీర్ టు పీర్ పద్ధతి కడెమ్లియా, దాని 2002 నాటి పేపర్‌లో ఇంకో చక్కటి పద్ధతి ఉంది: వెతుక్కుంటూ వెళ్లిన దారిలో ఆ విలువ లేని నోడ్లలో కీకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదాని దగ్గర ఒక కాపీ పెట్టి రావడం. తర్వాత అదే దారిన వచ్చేవాళ్లు అక్కడే ఆగిపోతారు. అసలు స్థానానికి దూరం పెరిగేకొద్దీ ఆ కాపీ ఆయుష్షు తగ్గిస్తారు, దాంతో పాత కాపీలు నెట్‌వర్క్ నిండా పోగుపడవు.

మీ ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయన్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఇంగ్లీషు పేర్లు వాడేవాళ్లకు రాని చిక్కు ఇది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు: 0సీ48 అనే ఒకే గుర్తుగా, లేదా ఎత్వం 0సీ46, దాని కింద 0సీ56 అనే రెండు గుర్తులుగా. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. బైట్లు వేరు కాబట్టి హ్యాష్ వేరు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను ఈ విడగొట్టిన రూపంలోనే దాచేది. ఇంకొకటి, పొల్లు తర్వాత ఒత్తు పడకుండా మనం పెట్టే కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒక లెక్చరర్ కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. ఫలితంగా ‘సైన్స్ మొదటి పాఠం’ అనే ఒకే పేరు రెండు కీలవుతుంది. ఒక కీ దగ్గర ఫైలు ఉంటుంది, రెండోదాని దగ్గర ఏమీ ఉండదు. లేదన్న జవాబును ఎవరూ దాచుకోరు కాబట్టి క్లయింట్ మూడు కాపీలనూ వరసగా అడిగి, కాసేపాగి మళ్లీ అడుగుతుంది. ఏ ఫైలూ లేని నోడ్ అభ్యర్థనలతో నిండిపోవడానికి ఇదొక కారణం. మీ వంద గళ్ల పట్టికలో విలువ లేని కీలు పైన కనపడితే ఇదేనేమో చూడండి. పేరును ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడి గుర్తులను కలిపి రాసే యూనికోడ్ ప్రామాణిక రూపం) మార్చి, ఆ కనపడని గుర్తు తీసేసి, అప్పుడు హ్యాష్ చేయండి. ఇంకా మంచిది, పేరును కాక ఫైలులోని సరుకును హ్యాష్ చేయడం. పేరు నుంచి ఆ హ్యాష్‌కు దారి చూపే చిన్న సూచిక విడిగా పెట్టుకోవచ్చు.

ఇక కదలని ఆ మూడు మెషీన్లు. అవి మెయిన్ క్యాంపస్‌లోవని, వాటికే పబ్లిక్ ఐపీ ఉందని మీరు ప్రశ్న చివర్లో ఒక్క ముక్కలో రాశారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే అనిపించింది.

మిగతా కాలేజీలు మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద, న్యాట్ (ఒకే బయటి ఐపీని చాలా పీసీలు పంచుకునే ఏర్పాటు) వెనక ఉండి ఉంటాయి. అవి బయటకు మాట్లాడగలవు, బయటివాళ్లు నేరుగా వాటిని పిలవలేరు. రౌటర్‌లో కనిపించే ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, అది ప్రొవైడర్లు చాలామంది కస్టమర్లకు కలిపి పంచడానికి 2012లో విడిగా కేటాయించిన శ్రేణి. అలాంటప్పుడు మీ రౌటర్‌లో పోర్ట్ తెరిచినా ఉపయోగం ఉండదు. ఇలాంటి రెండు కాలేజీలు మాట్లాడుకోవాలంటే మధ్యలో ఎవరో ఒకరు రెండు వైపులా మోయాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఇలా మోసే పని, అంటే రిలే, ఆన్ అయి ఉంటే మోస్తున్నది ఆ మూడే. వాటి దగ్గర తాము స్వయంగా ఇచ్చిన జవాబులు మామూలుగా ఉండి, పంపించిన బైట్లు మాత్రం ఆకాశాన్ని అంటుతుంటే సందేహమే అక్కర్లేదు. పీర్ టు పీర్ సాఫ్ట్‌వేర్లు కట్టడానికి వాడే లిబ్‌పీ2పీ లైబ్రరీలో సర్క్యూట్ రిలే రెండో వెర్షన్ డిఫాల్ట్‌గా ఒక్కో కనెక్షన్‌కు 2 నిమిషాలు, 128 కేబీ మాత్రమే అనుమతిస్తుంది. ఇద్దరిని కలపడానికే రిలే, ఆ తర్వాత హోల్ పంచింగ్‌తో (రెండువైపులా ఒకేసారి బయటకు పిలిచి న్యాట్‌లో దారి తెరిచే పద్ధతి) వాళ్లు నేరుగా మాట్లాడుకోవాలి. మీ వీడియోలన్నీ రిలే గుండా పోతుంటే ఆ మూడు మెషీన్లకు ఎంత ర్యామ్ కొన్నా చాలదు.

దీన్ని తేల్చే పరీక్ష తేలిక. నెట్‌వర్క్‌కు సంబంధం లేని ఒక బయటి మెషీన్ నుంచి 120 నోడ్లనూ నేరుగా పిలిచి చూడండి. ఎన్ని పలికాయో రాసుకోండి. ఇంకో నోడ్ చేత పిలిపిస్తే సరిపోదు, అది పాత కనెక్షన్ వాడి పలికిందని చెప్పేస్తుంది. పలకని నోడ్లు రింగ్ మీద వాటా తీసుకుంటున్నాయంటే, వాటిని అడిగిన ప్రతివాడూ టైమౌట్ దాకా కాచుకుని తర్వాతి నోడ్‌కు వెళ్తున్నాడన్నమాట. వర్చువల్ నోడ్లు 1 ఉన్నప్పటి పాత లాగ్‌లు దాచి ఉంటే తీయండి. వాటిలో నిండిన నోడ్‌కు రింగ్ మీద సరిగ్గా ముందు పలకని నోడ్ ఉందేమో చూడండి. 64 పెట్టాక ఆ గుర్తు చెరిగిపోతుంది, ఎందుకంటే పలకని మెషీన్ భారం 64 చోట్లకు చిందుతుంది. లోడ్ గ్రాఫ్ బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ ఆలస్యం అందరికీ అంటుకుంటుంది. ఫైళ్లు పంచుకునే పబ్లిక్ పీర్ టు పీర్ వ్యవస్థ ఐపీఎఫ్‌ఎస్ వాళ్లు 2020లో 0.5 వెర్షన్‌తో చేసిన ముఖ్యమైన మార్పు ఇదే: బయటినుంచి పలకని నోడ్లను డీహెచ్‌టీలో (ఏ కీ ఎక్కడుందో నోడ్లు పంచుకుని దాచే పట్టిక) క్లయింట్లుగా మాత్రమే ఉంచారు, అవి అడగవచ్చు గానీ వేరేవాళ్ల కోసం రికార్డులు దాచవు, దారి చూపవు. మీరూ అదే చేయండి. రింగ్‌లో స్థానం పలికే నోడ్లకే ఇవ్వండి. పలికేవి మరీ తక్కువైతే కాలేజీలన్నిటినీ వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్‌తో కలపడమో, ఐపీవీ6 ఉన్న చోట దాన్ని తెరవడమో చేయండి. ఇదంతా మీ సొంత సంస్థ కాబట్టి మీకు ఆ వెసులుబాటు ఉంది, అపరిచితులతో నడిచే పబ్లిక్ నెట్‌వర్క్‌కు లేదు.

ఆ మూడే బూట్‌స్ట్రాప్ నోడ్లు కూడా అయి ఉంటే ఇంకో భారం తోడవుతుంది. పొద్దున కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతివాడికీ మొదట తెలిసేది అవే. కడెమ్లియా తరహా నెట్‌వర్క్‌లలో ఇది ఇంకా బలంగా ఉంటుంది: ఎక్కువసేపు బతికున్న నోడ్ ఇంకాసేపు బతికే అవకాశం ఎక్కువన్న పరిశీలనతో, పాత నోడ్ పలుకుతున్నంత కాలం దాన్ని రూటింగ్ పట్టికలోంచి (ఇతర నోడ్లకు దారి రాసుకునే జాబితా) తీయకూడదని నియమం. నియమం మంచిదే. దాని పర్యవసానం ఏమిటంటే రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండే మెషీన్లు చాలామంది పట్టికల్లో ఉంటాయి, సాయంత్రం ఆపేసే ల్యాబ్ పీసీలు తక్కువ పట్టికల్లో ఉంటాయి. ప్రతి నోడ్ రూటింగ్ పట్టిక దించుకుని, ఏ నోడ్ ఎన్ని పట్టికల్లో ఉందో లెక్కపెట్టండి. ఆ లెక్కకూ పంపించిన అభ్యర్థనల లెక్కకూ జత కుదిరితే భారం దారి చూపడంలో ఉంది, డేటాలో కాదు.

ఈ చోట నా గట్టి అభిప్రాయం ఒకటి చెప్తాను. 120 నోడ్లకు అంచెలంచెలుగా దారి వెతకడం అవసరమే లేదు. కార్డ్‌లో ఒక వెతుకులాటకు సగటున, నోడ్ల సంఖ్యకు 2 ఆధారంగా తీసిన లాగరిథంలో సగం మెట్లు పడతాయి. 120 నోడ్లకు మూడున్నర. మీరు 64 స్థానాలు పెట్టినప్పుడు ప్రతి స్థానానికీ విడి పట్టిక ఉంటే రింగ్‌లో 7,680 మంది ఉన్నట్టు లెక్క, మెట్లు ఆరున్నరకు పెరుగుతాయి. దారి చూపే పని దాదాపు రెట్టింపు చేసుకున్నారన్నమాట. దానికి బదులు 120 నోడ్ల పూర్తి జాబితాను గాసిప్‌తో (నోడ్లు ఒకదానికొకటి చెప్పుకుంటూ వార్త పాకించే పద్ధతి) అందరి దగ్గరా ఉంచండి, కొన్ని కేబీల పని. ప్రతివాడూ ఒక్క మెట్టులో సరైన చోటికే వెళ్తాడు. అమెజాన్ తన డేటా నిల్వ వ్యవస్థ డైనమోను 2007లో వివరించినప్పుడు వాళ్లు ఎంచుకున్నదీ ఈ దారే. లక్షల నోడ్ల కోసం పుట్టిన పద్ధతిని వందకు వాడితే దాని ఖర్చంతా వస్తుంది, లాభం మాత్రం రాదు.

మెషీన్ల శక్తి సంగతి ఎక్కువ చెప్పను. పదేళ్ల పాత పీసీకీ కొత్త సర్వర్‌కూ 64 స్థానాలే ఇస్తే సమానత్వం వస్తుంది గానీ న్యాయం రాదు. పాతదానికి 16, కొత్తదానికి 128 ఇవ్వండి. శక్తి అంటే సీపీయూ మాత్రమే కాదు, అప్‌లోడ్ వేగం. బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లు కొన్నిటిలో డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ చాలా తక్కువ, పీర్ టు పీర్‌లో మనం ఆధారపడేది దానిమీదే.

పొద్దున 9 అన్నదానికి టైమ్‌టేబుల్ ఒక్కటే కారణం అనుకోకండి. ల్యాబ్‌లు తెరిచి పీసీలన్నీ ఒకేసారి ఆన్ చేస్తే, ప్రతి నోడ్ తన కీలను మళ్లీ ప్రకటించడం, రాత్రి పోయిన కాపీలను భర్తీ చేయడం, అన్నీ ఒకే ఐదు నిమిషాల్లో పడతాయి. ప్రకటన గంటకోసారి అయితే 10కి, 11కి మళ్లీ అదే అల కనపడుతుంది. గ్రాఫ్‌లో సరిగ్గా గంట దూరంలో ముళ్లుంటే అది విద్యార్థుల రద్దీ కాదు, మీ సొంత టైమర్. ప్రతి నోడ్ టైమర్‌కూ కొన్ని నిమిషాల రాండమ్ తేడా కలపండి. రాత్రి ఆపేసిన పీసీని చనిపోయినట్టు లెక్కవేసి వెంటనే దాని కాపీలు వేరేచోట కట్టడం కూడా మానేయండి. రోజూ సాయంత్రం ఆగి పొద్దున వచ్చే నోడ్‌కు కనీసం ఒక రోజు గడువు ఇవ్వాలి. కాకపోతే మూడు కాపీల్లో ఒకటైనా రాత్రి ఆగని మెషీన్‌లో ఉండేలా చూసుకోండి.

చేసే వరస ఇలా పెట్టుకుంటే మంచిది. ఈ వారం ఏదీ మార్చకుండా ఐదు అంకెలూ, వంద గళ్ల పట్టికా నడపండి, బయటినుంచి పిలిచే పరీక్ష చేయండి. వచ్చే సోమవారం కాపీలన్నిటి నుంచీ చదివే మార్పు ఒక్కటే పెట్టి, ఆ సోమవారం 9 నుంచి 10ని ఈ సోమవారం 9 నుంచి 10తో పోల్చండి. మంగళవారంతో పోల్చకండి, మీ టైమ్‌టేబుల్ వేరు. ఆ తర్వాత పలకని నోడ్లను రింగ్ నుంచి తీయడం. ముక్కలు చేయడం పెద్ద పని కాబట్టి సెలవుల్లో పెట్టుకోండి, అప్పటిదాకా పట్టికలో తేలిన వేడి వీడియోలను ముందురోజు రాత్రే ప్రతి కాలేజీలో రాత్రి ఆగని ఒక మెషీన్‌లోకి దించి ఉంచితే పిల్లలకు క్లాసు ఆగదు.